పాత కన్నాల్లోంచే కుట్టు

నా ఎడమ బొటనవేలికి ఇప్పుడు స్పర్శ సరిగా తెలియదు. టీ గ్లాసు వేడిగా ఉందో లేదో కుడి చేత్తో చూసుకోవాలి. నలభై ఏడేళ్లు తోలులోకి సూది తోస్తే అలాగే అవుతుంది. నాకేం బాధ లేదు. నాకు ఇన్నేళ్లూ అన్నం పెట్టింది ఆ వేలే.

నేను కార్ల సీట్లు కుట్టేవాణ్ని. మద్దిలపాలెం బస్ డిపో వెనక వీధిలో నా షాపు ఉండేది. మొదట్లో స్కూటర్ సీట్లు, ఆటో టాపులు, పెళ్లి కార్లకి కవర్లు, ఏది వస్తే అది చేశాను. తర్వాత పాత కార్లను మళ్లీ మునుపటిలా చేయించుకునే మోజు ఈ ఊరికీ పాకింది. ఆ బండ్ల లోపలి పని, అంటే సీట్లు, డోర్ ప్యాడ్లు, టాపు గుడ్డ, కింద కార్పెట్, చివరికి నా దగ్గరికే వచ్చేది. పోయినేడు షట్టర్ దించేశాను.

ఇప్పుడు కుర్రాళ్లు ఫోన్ చేస్తుంటారు. ‘బండిలో ఉన్న తోలు కంపెనీదో, తర్వాత ఎవరో వేసిందో ఎలా తెలుస్తుందండీ’ అని అడుగుతారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను గొప్పగా చేసిన పనుల జాబితా రాస్తే మీకు ఒరిగేదేమీ లేదు. ఎక్కడ బోల్తా పడ్డానో చెబుతాను, అది పనికొస్తుంది.

మేస్త్రి గారు

మా నాన్న కాకినాడ దగ్గర పల్లెటూరు వదిలి పోర్టులో కళాసీగా చేరడానికి ఈ ఊరొచ్చాడు. నాకు చదువు అబ్బలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో పని కోసం కుషన్ షాపులన్నీ తిరిగాను. ప్రతివాడూ సూది ఇచ్చి కుట్టి చూపించమనేవాడు, నేను ఎడమ చేత్తో పట్టుకోగానే వెళ్లిపొమ్మనేవాడు. ఒకాయన అయితే పొద్దున్నే ఎడం చేతివాడు ఎదురయ్యాడని షాపు ముందు నీళ్లు చల్లించాడు. ఆ నీళ్లు నా కాళ్ల మీద పడ్డాయి.

ఆ తర్వాత వెళ్లింది సూర్రావు మేస్త్రి దగ్గరికి. ఆయనదీ గోదావరి వైపే. ఇంగ్లీషు కార్ల సీట్లు విప్పి మళ్లీ కట్టగలిగినవాడు ఆ రోజుల్లో ఊళ్లో ఆయనొక్కడే. నా కుట్టు కాసేపు చూశాడు. లేచి నా స్టూలు తీసుకెళ్లి తనకి ఎదురుగా, కిటికీకి అవతలి పక్కన వేశాడు. ఎడమ చేతివాడికి వెలుగు అటునుంచి పడాలి కదా. “ఏ చెయ్యైతే ఏంట్రా, కన్నం తిన్నగా పడాలి గానీ,” అన్నాడు. వారం తిరిగేసరికి ఒక పాత కత్తెర పిడిని ఆకురాయితో అరగదీసి ఎడమ చేతికి సరిపోయేట్టు చేసిచ్చాడు. ఆ కత్తెర ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ ఇవ్వను.

ఆయన చేసిన ఇంకో పని చెప్పాలి, ఎందుకంటే నా తప్పుకి మూలం అక్కడే ఉంది. ఈ ఊరి ఉప్పుగాలికి నూలుదారం నిలవదు. ఎంత మంచి కుట్టయినా రెండు మూడు వర్షాకాలాలకి దారం చీకిపోయి విడిపోయేది. మేస్త్రి ఒకరోజు తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వలలు బాగుచేసేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు వాడే నైలాన్ దారం ఉండ ఒకటి పట్టుకొచ్చాడు. కారు సీటుకి వలదారమేమిటని మిగతా షాపులవాళ్లు నవ్వారు. రెండేళ్లు తిరిగేసరికి నవ్వినవాళ్లంతా అదే దారం వాడుతున్నారు. అప్పటినుంచీ ఈ ఊళ్లో కుట్టిన పాత సీటు విప్పితే వలదారం కనిపిస్తుంది. కంపెనీలో కుట్టినదైతే నూలుదారమో నారదారమో ఉంటుంది. గుర్తుపట్టడం ఎంత తేలికో అనుకున్నాను నేను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

నాకు ఇరవై ఏళ్లప్పుడు ఎవరిదో ఇంగ్లీషు కారు వెనక సీటు తోలు కుట్టమని నాకిచ్చాడు మేస్త్రి. అప్పట్లో బండి షాపుకి వచ్చేది కాదు. సీటు ఊడదీసి రిక్షాలో పంపేవారు, రిక్షాలోనే తీసుకెళ్లేవారు. బండి ఎలా ఉంటుందో, ఎవరిదో మాకు తెలిసేది కాదు. దారం చీకిపోయి అతుకులన్నీ విడిపోయాయి గానీ తోలు మాత్రం బాగుంది. పాత కన్నాల్లోంచే కొత్త దారం తియ్యమన్నాడు. ఒక్కో కన్నం వెతుక్కుంటూ తోసుకుంటూ వెళ్లాలి. నాలుగో రోజుకి నాకు విసుగొచ్చి, ఒక మూలన పాత కన్నం వదిలేసి పక్కనే కొత్తగా పొడుచుకుంటూ పోయాను. మూడు కన్నాలు పడేసరికి నా మణికట్టు మీద ఆయన చెయ్యి పడింది.

“తోలుకి కన్నం ఒక్కసారే పెట్టాలిరా అబ్బాయ్. పక్కన ఇంకో వరస పెట్టావంటే తపాలాబిళ్ల చింపినట్టు చిరిగిపోద్ది. ఇహ ఆ తోలు ఎవడికీ పనికిరాదు.”

ఆ మూడూ మూసెయ్యడానికి మైనం పెట్టబోతే వద్దన్నాడు. అలాగే ఉండనీ, నీ పేరు రాసుకున్నట్టు ఉంటుంది అన్నాడు. సిగ్గుతో ఆ రోజు అన్నం సహించలేదు. మొత్తం పదకొండు రోజులు పట్టింది. సీటు రిక్షా ఎక్కి వెళ్లిపోయింది. దాని సంగతి నేనూ మర్చిపోయాను.

ఎండ తగలని చోట

మీరడిగిన దానికి జవాబు ఇక్కడుంది. బండిలోపల పైకి కనిపించేది ఏదీ నమ్మకండి. ఎండ, చెమట, పాలిష్, డ్రైవర్లు వేసిన రంగులు అన్నీ కలిసి అబద్ధం చెబుతాయి. అద్దం దించే హ్యాండిల్ విప్పి దాని కింద గుండ్రంగా ఉన్న ముక్క చూడండి. యాష్‌ట్రే వెనక చూడండి. సీటు తోలు మడిచి చెక్కకి మేకులు కొట్టిన చోట, లోపలి మడత తెరవండి. ఎండ ఎప్పుడూ తగలని ఆ చోటే మొదటి రంగు ఉంటుంది. సీటు లోపల మెత్తదనానికి కూరిన పట్టు కూడా పిండి చూడండి. కంపెనీవాళ్లు కూరిన గుర్రపు వెంట్రుకైతే చేతికి తిరిగి లేస్తుంది. మనవాళ్లు నింపిన కొబ్బరిపీచు నలిగి పొడి రాలుతుంది.

ఒక కాంట్రాక్టర్ గారు స్టీల్‌ప్లాంట్ వైపునుంచి బండి తెచ్చారు. ఫోన్లో బొమ్మ చూపించి, ఇలా మీగడ రంగు వెయ్యమన్నారు. నేను హ్యాండిల్ విప్పి చూస్తే లోపల ఆకుపచ్చ ఉంది. సార్, మీ బండి పుట్టుక ఇది అని చూపించాను. ఆయనకి కోపం వచ్చింది. ఆయనకన్నా నాకెక్కువ తెలుసని అన్నట్టు అనిపించింది కాబోలు. నేను వాదించలేదు. మీగడ రంగే వేసి పంపించాను. బండి చాలా అందంగా వచ్చింది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ ఆకుపచ్చ ప్యాడ్లు మాత్రం చెత్తబండిలో పోయాయి. కనీసం కట్టకట్టి డిక్కీలో పెట్టి ఇచ్చి ఉండాల్సింది. అది నా పిరికితనం. మెరిసిపోవాలనుకునేవాళ్లు కొత్త కారు కొనుక్కోవచ్చు కదా అని లోపల తిట్టుకుంటూ, పైకి సరే సార్ అన్నాను.

ఆ తర్వాత నేనొక నియమం పెట్టుకున్నాను. విప్పిన ప్రతి ముక్కా యజమాని చూసేదాకా షాపులోనే ఉండాలి. ఆ నియమాన్ని చివరి బండి దగ్గర నేనే తప్పాను.

టీచరు గారి బండి

ఎస్తేరు టీచరు గారు ఊళ్లో ఒక మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్భై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. వాళ్ల నాన్నగారు డాక్టరు. ఆయన వాడిన ఇంగ్లీషు కారు ఆయన పోయాక ఇరవై ఏళ్లకు పైగా షెడ్డులోనే ఉండిపోయింది. ఇంజన్ పని మెకానిక్ చేశాడు, లోపలి పనికి నా దగ్గరికి పంపాడు.

టీచరు గారు షాపులో కుర్చీ వేసుకుని కూర్చుని తనకేం కావాలో చెప్పారు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో చూసేవాళ్లు లేక డాక్టరు గారు పిల్లని కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రోగుల ఇళ్లకి తిరిగేవారట. ఆయన లోపలికెళ్లి వచ్చేదాకా ఆ సీటు మీదే చదువుకునేది, ఆ సీటు మీదే నిద్రపోయేది. ఉద్యోగం వచ్చాక కూడా ముందు సీట్లో కూర్చోలేదట, అలవాటు.

“నాకు ఇది కొత్తగా అక్కర్లేదండీ,” అన్నారు. “నాన్నగారి నాటిది ఏదైనా మిగిలుంటే అది ఉంచండి చాలు. ఏమీ మిగల్లేదంటే అదీ చెప్పండి. అప్పుడు నాకీ కారు వద్దు.”

వారానికోసారి, గురువారం వచ్చి చూస్తానన్నారు.

వెనక సీటు మీద నల్ల రెక్సిన్ కవరు ఉంది. విప్పాను. దాని కింద తోలు, అది కూడా నల్లరంగు కొట్టిన తోలు. అతుకులు చూశాను. వలదారం. పట్టు పిండితే కొబ్బరిపీచు పొడి రాలింది. అంతే, ఇది ఊళ్లోవాళ్ల పని, కంపెనీది ఎప్పుడో పోయిందని తేల్చేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నలభై ఏడేళ్ల అనుభవం కదా. అనుభవం ఎక్కువైతే చూడటం తగ్గిపోతుంది, ఇది రాసిపెట్టుకోండి. తోలు కోసి మూలన పడేశాను. మధ్యాహ్నం నూకరాజు వచ్చి పట్టుకెళ్లాడు.

నూకరాజుది జాలరిపేట. షాపులో మిగిలిన తోలు ముక్కలు చాలా ఏళ్లుగా అతనికే ఇస్తున్నాను. పడవ అంచున తాడు రాసుకునే చోట వేస్తాడు, వల లాగేటప్పుడు వేళ్లకి చుట్టుకుంటాడు. బదులుగా అప్పుడప్పుడు నాలుగు కానాగంత చేపలు తెచ్చిస్తాడు. మా ఇద్దరిదీ అలాంటి స్నేహం.

నాలుగు రోజుల తర్వాత వెనక డోర్ ప్యాడ్ విప్పాను. హ్యాండిల్ కింద ముక్క ముదురు ఎరుపు, మెరూన్. ఆ ప్యాడ్ మీద ఎవరి చెయ్యీ పడలేదు, నూలుదారం అలాగే ఉంది. మంచిది, ఇదైనా మిగిలిందనుకున్నాను. తర్వాత సీటు చెక్క శుభ్రం చేస్తుంటే, మేకుల కింద తోలు పీలిక ఒకటి ఇరుక్కుని ఉంది. నేను కోసిన తోలు చివర అది. నల్లరంగు అక్కడిదాకా పాకలేదు. మెరూన్. డోర్ ప్యాడ్ పక్కన పెట్టి చూశాను. అదే రంగు, తోలు మీద అవే సన్న గీతలు, అదే మందం. మేకు కన్నాలు కూడా చెక్కలో ఒక్క వరసే ఉన్నాయి. అంటే తోలు ఎప్పుడూ మారలేదు. ఎవరో దారం, లోపలి పట్టు మాత్రం మార్చారు.

ఆవిడ అడిగిన ఒక్క వస్తువునీ నేనే కోసి పారేశాను.

నిజం చెబుతాను, మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. అలాంటి మెరూన్ తోలు తెప్పించి, కాస్త పాతదిలా కనిపించేట్టు చేసి, నూలుదారంతో కుట్టేస్తే ఆవిడకి తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ పని చేయగల చెయ్యి నాకుంది. ఒక రాత్రంతా ఆ ఆలోచన వదల్లేదు. పొద్దున్న లేచి నా బండి తీసి జాలరిపేట వెళ్లాను.

జాలరిపేట

నూకరాజు ఇసకలో పడవ పక్కన కూర్చుని వల సర్దుకుంటున్నాడు. మొన్నటి తోలు మొత్తం కావాలి, చిన్న ముక్క కూడా వదలకుండా కావాలి, బదులుగా కొత్త తోలు ఇస్తాను అన్నాను. అతను నన్ను కింద నుంచి పైకి చూశాడు.

“ఏటి బావా, కొత్త తోలు ఇత్తానంటన్నావ్, పాతది ఇచ్చీమంటన్నావ్. ఒంట్లో బాగుందా?”

సంగతంతా చెప్పాక అతను లేచి పడవ అంచుకి కట్టిన రెండు ముక్కలు విప్పాడు. వేళ్లకి చుట్టుకోడానికి కోసిన పీలికలు జేబులోంచి తీశాడు. పెద్ద ముక్క మాత్రం ఇంటి దగ్గర ఉంది. అతని భార్య దాన్ని చేపలు కోసే కత్తిపీట కింద పరుచుకుంది. ఆవిడ ఇవ్వనంది. ఇప్పుడిది అట్టుకెళిపోతే నాను కత్తిపీట కిందకేటి ఎయ్యను అని నన్ను నిలదీసింది. రెండు మీటర్ల కొత్త రెక్సిన్ తెచ్చిస్తానని ఒప్పించాను. తెల్లది కావాలంది, సరేనన్నాను.

ముక్కలన్నీ వాళ్ల అరుగు మీద పరిచాం. నూకరాజు పెద్ద ముక్క అంచు చేతిలోకి తీసుకుని, దారం ముడి మీద గోటితో గీకుతూ చూశాడు. పుట్టిందగ్గర్నుంచీ వలముళ్లు వేసినవాడు.

“ఈ ముడి సూడు బావా. కుడిసేతోడు ఏత్తే ఇలగ పడదు. తిరగేసి పడింది. ఎడం సేతోడెవుడో కుట్టేడు దీన్ని.” ఆగి నా చేతి వంక చూశాడు. “నీదీ ఎడం సెయ్యే గదేటి?”

ముక్క లాక్కుని తిప్పాను. మూల వెతికాను. చేపపొలుసు అంటుకుని ఉంటే బొటనవేలితో తుడిచాను. కుట్టుకి పక్కగా మూడు కన్నాలు ఉన్నాయి. ఎందుకూ పనికిరాని మూడు కన్నాలు, వరసగా.

అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. నా చేతిపనిని నేనే గుర్తుపట్టలేదు. ఊళ్లోవాళ్ల పని అని కొట్టిపారేసింది నన్నే. ఆ తోలు ఇన్నేళ్లు చిరక్కుండా నిలబడిందంటే కారణం, పదకొండు రోజులు నా పక్కన నిలబడి పాత కన్నాల్లోంచే తియ్యరా అని నా ప్రాణం తీసిన మనిషి. ఆయన పోయి ముప్ఫై ఏళ్లయింది. నూకరాజు భార్య మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఎందుకేడుస్తున్నానో ఆవిడ అడగలేదు.

చెప్పాల్సిన మాట

గురువారం టీచరు గారు వచ్చేసరికి తోలు కడిగి, నల్లరంగు చాలావరకు తీసి, ముక్కలన్నీ బల్ల మీద పేర్చి ఉంచాను. కత్తిపీట గాట్లు రెండు పడ్డాయి. పీలికలు కోసిన చోట కింద గుడ్డ వేసి అతకాలి. ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. కొత్త తోలు వేసి మోసం చేద్దామనుకున్న సంగతి కూడా చెప్పాను. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌లాగే విన్నారు. తిడతారనుకున్నాను. బండి తీసుకుపోతానంటే ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకుని ఉన్నాను.

ఆవిడ బల్ల మీదకి వంగి వాసన చూశారు. చేపల వాసన అప్పటికీ పోలేదు. నేను క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డంపెట్టారు. జాలరిపేటలో నాన్నగారికి రోగులు ఎక్కువ, వాళ్లిచ్చే చేపలబుట్ట ఎప్పుడూ నా పక్కనే ఉండేది, ఈ వాసన లేకపోతేనే నాకు అనుమానం వచ్చేది అన్నారు.

ఆ తర్వాత వేలితో అంచు తడుముతూ మూలదాకా వెళ్లి ఆగారు.

“ఈ మూడు కన్నాలూ నాకు తెలుసండీ,” అన్నారు. “సీటు కుట్టించి తెచ్చిన రోజే చూశాను. పాడుచేశారు, వెనక్కి పంపించెయ్యమని నాన్నగారితో గొడవపెట్టుకున్నాను. ఆయన వేలు పెట్టి చూసి నవ్వారు. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నాడమ్మా, మొదటి ఇంజెక్షన్ నేను మాత్రం తిన్నగా వేశానా, ఉండనీ అన్నారు.”

నేనే ఆ కొత్తవాణ్నని అప్పుడు చెప్పాను. ఆవిడ లేచి నా ఎడమ చెయ్యి తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు.

ఆ సీటు కుట్టడానికి ఈసారి పంతొమ్మిది రోజులు పట్టింది. కళ్లు మునుపటిలా లేవు. వలదారమే వాడాను, నూకరాజు తెచ్చిచ్చింది. ఒక్క కొత్త కన్నం పెట్టలేదు. ఆ మూడూ అలాగే వదిలేశాను. బండి వెళ్లిన రోజు టీచరు గారు వెనక సీట్లోనే కూర్చున్నారు, ఆ మూల పక్కనే.

మీరు కొత్తగా ఈ పనిలోకి వస్తున్నారు. మీ చేతుల్లోనూ తప్పు కన్నాలు పడతాయి. మూసెయ్యకండి, కాస్త సిగ్గుపడండి, పని ఆపకండి. ఆ సీటు వెనక్కి వచ్చుంటే మేస్త్రి నన్ను ఉంచుకునేవాడో లేదో నాకు తెలియదు. అది రాకుండా ఆపిన డాక్టరు గారి ముఖం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా మేస్త్రితో పాటు ఆయన్నీ తలుచుకుంటాను.